క్యామ్ నేర్చుకునే ముందు చేతి లేత్, జీ కోడ్ ఎంతవరకు రావాలి?

మిల్లింగ్ విద్యార్థి:

నమస్కారం. నేను మెషినింగ్ శిక్షణలో ఉన్నాను. మొదటి దశలో ఆకురాయి పని, కొలత సాధనాలు, చేతితో నడిపే లేత్, మిల్లింగ్ యంత్రం నేర్పారు. ఇప్పుడు సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) మిల్లింగ్, దానితోపాటే ఆ యంత్రానికి ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ మొదలయ్యాయి. నమూనా గీసి, టూల్ ఎంచుకుంటే ప్రోగ్రామ్ అంతా సాఫ్ట్‌వేరే రాసి ఇస్తున్నప్పుడు లేత్ మీద హ్యాండిల్ తిప్పుతూ గడిపే గంటలు, కాగితం మీద జీ కోడ్ (యంత్రానికి ఇచ్చే ఆదేశాల భాష) రాసే అభ్యాసాలు ఇంకా ఎందుకని తోటి విద్యార్థులు కొందరు అడుగుతున్నారు. యంత్రాల మీద మాకు దొరికే సమయం తక్కువ కాబట్టి ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఒకదానికి ఇచ్చిన గంట ఇంకొకదాని నుంచి తీసుకోవలసిందే.

దీనికి తోడు ఒక జాబ్ (యంత్రం మీద తయారుచేసే భాగం) నన్ను ఆలోచనలో పడేసింది. అల్యూమినియం దిమ్మెలో 50 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. లోతు ఉన్న పాకెట్ (గుంట) తీయాలి. డ్రాయింగ్‌లో మూలల వ్యాసార్థం 4 మి.మీ. అని ఉంది కాబట్టి 8 మి.మీ. వ్యాసమున్న కార్బైడ్ ఎండ్ మిల్ (తిరుగుతూ పక్కలతోనూ కోసే టూల్) ఎంచుకున్నాము. పట్టి ఉంచే హోల్డర్ నుంచి టూల్ 45 మి.మీ. బయటికి ఉంది. గోడలకు 0.8 మి.మీ. మిగిల్చి రఫింగ్ (ముతక కోత) చేసి, అదే టూల్‌తో పూర్తి లోతుకు ఒకే ఫినిషింగ్ (చివరి నున్నని కోత) పాస్ ఇచ్చాము. సిమ్యులేషన్‌లో ఎక్కడా ఎర్ర గీత రాలేదు. తీరా కొలిచి చూస్తే వెడల్పు పై అంచు దగ్గర 0.02 మి.మీ., అడుగున 0.08 మి.మీ. తక్కువ ఉంది. నాలుగు మూలల్లోనూ టూల్ అదిరిన గుర్తులు పడ్డాయి, ఆ చోట శబ్దం కూడా మారింది.

ఇలా ఎందుకు జరిగిందో, ఇటువంటివి ముందే పసిగట్టాలంటే ఏది ముందు, ఏది తరువాత నేర్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?


టూల్‌రూమ్ సెట్టర్:

పాకెట్ సంగతి ముందు చూద్దాం. మీ పెద్ద ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

సిమ్యులేషన్ జ్యామితిని మాత్రమే చూస్తుంది. టూల్ ఎక్కడ తిరుగుతుందో, ఎంత లోహం పోతుందో, హోల్డర్ దేనికైనా తగులుతుందో చెబుతుంది. అందులో టూల్ వంగదు. నిజమైన టూల్ ఒక చివర బిగించి, రెండో చివర పక్కకు తోసిన కడ్డీ వంటిది. అది వంగే మేర బయటికి ఉన్న పొడవు ఘనానికి అనులోమంగా, వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. మీ 45 మి.మీ.ను 36 మి.మీ.కి తగ్గించారనుకోండి, తగ్గింది పొడవులో అయిదో వంతే అయినా వంపు దాదాపు సగమవుతుంది. 30 మి.మీ. లోతు పాకెట్‌కు 36 మి.మీ. చాలు. హోల్డర్ పై అంచుకు తగలకుండా ఖాళీ ఉందో లేదో సరిచూసుకుంటే సరిపోతుంది.

ఇక గోడ ఏటవాలుగా రావడం. క్యామ్ సాధారణంగా క్లైంబ్ మిల్లింగ్ ఎంచుకుంటుంది, అంటే టూల్ పన్ను (కోసే అంచు) లోహంలోకి మందంగా దిగి పలచగా బయటికి వస్తుంది. ఈ పద్ధతిలో కోత బలం టూల్‌ను గోడ నుంచి దూరంగా నెడుతుంది. కాబట్టి గోడమీద కోయవలసిన లోహం కొంత మిగిలిపోతుంది. వంపు టూల్ చివర ఎక్కువ, మొదట తక్కువ కనుక అడుగున ఎక్కువ మిగులుతుంది. మీ కొలతలు చెబుతున్నది సరిగ్గా ఇదే. ఫినిషింగ్‌కు 0.8 మి.మీ. మిగల్చడం, దాన్ని 30 మి.మీ. లోతుకు ఒక్కసారిగా కోయడం ఆ బలాన్ని ఇంకా పెంచాయి. 0.2 లేదా 0.3 మి.మీ. మిగిల్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. చివర్లో అదే దారిలో, కొత్తగా లోతు ఏమీ ఇవ్వకుండా ఇంకో పాస్ నడిపితే, అంతకు ముందు వంపు వల్ల మిగిలిన కొంత లోహాన్ని కూడా అది తీసేస్తుంది.

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఒక పొరపాటు ఆలోచనలో పడతారు: వెడల్పు తక్కువ వచ్చింది కదా, కంట్రోల్‌లో (యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌లో) టూల్ వ్యాసార్థపు ఆఫ్‌సెట్ (సవరణ విలువ) మార్చి మళ్లీ కోస్తే సరి అనుకుంటారు. ఆఫ్‌సెట్ మొత్తం గోడను సమానంగా జరుపుతుంది, ఏటవాలును సరిచేయదు. అడుగున 0.08 మి.మీ. సరిచేయడానికి ఒక్కో వైపు 0.04 మి.మీ. జరిపితే పై అంచు దగ్గర వెడల్పు 0.06 మి.మీ. ఎక్కువవుతుంది, పోయిన లోహం తిరిగి రాదు. ముందు ఏటవాలును పోగొట్టి, ఆ తరువాత మిగిలిన సమానమైన తేడాను మాత్రమే ఆఫ్‌సెట్‌తో తీయాలి.

మూలల దగ్గర శబ్దం మారడానికి కారణం ఇంకొకటి. నేరు గోడమీద 8 మి.మీ. టూల్ 0.8 మి.మీ. కోస్తున్నప్పుడు దాని చుట్టుకొలతలో లోహాన్ని తాకుతున్న భాగం సుమారు 37 డిగ్రీలు. మూల వ్యాసార్థం, టూల్ వ్యాసార్థం రెండూ 4 మి.మీ.యే అయినప్పుడు టూల్ మూలలోకి వెళ్లి ఆగి మలుపు తిరుగుతుంది. ఆ క్షణంలో రెండు గోడలు కలిసి తాకే భాగం సుమారు 127 డిగ్రీలకు పెరుగుతుంది. తెరమీద అది ఒక చిన్న మలుపుగా కనిపిస్తుంది కానీ టూల్‌కు అది మూడు రెట్లకు మించిన పని. అందుకే అదురు పుట్టింది. మూలలకు మాత్రం 6 మి.మీ. టూల్ పెట్టి, ముందు టూల్ వదిలిన లోహాన్ని మాత్రమే తీసే దారిని క్యామ్‌లో ఎంచుకోండి. చిన్న టూల్ మూలలో 1 మి.మీ. వ్యాసార్థంతో మెల్లగా మలుపు తిరుగుతుంది. అయితే గోడలన్నిటినీ దానితోనే చేయకండి, ఎందుకంటే అంతే పొడవు బయటికి ఉంటే 6 మి.మీ. టూల్ 8 మి.మీ. దానికంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ వంగుతుంది.

ఇవన్నీ చేసే ముందు టూల్ షాంక్‌కు (కోయని కాడ భాగానికి) డయల్ గేజ్ ఆనించి స్పిండిల్‌ను (టూల్‌ను తిప్పే ఇరుసును) చేతితో తిప్పి చూడండి. టూల్ తన కేంద్రం చుట్టూ సరిగా తిరగకపోతే ఒక పన్ను ఎక్కువ, ఇంకో పన్ను తక్కువ కోస్తుంది. అప్పుడు పైన చెప్పిన లెక్కలేవీ మీకు కలిసిరావు.


వర్క్‌షాప్ బోధకురాలు:

సెట్టర్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పెద్ద ప్రశ్నకు నేను ప్రయత్నిస్తాను, ఎందుకంటే ప్రతి కొత్త తరగతిలోనూ నన్ను ఇది అడుగుతారు, న్యాయంగానే అడుగుతారు.

చేతితో నడిపే లేత్ నేర్పేది లేత్ ఆపరేటర్లను తయారుచేయడానికి మాత్రమే కాదు. ఆ హ్యాండిల్ ద్వారా కోత బలం నేరుగా మీ చేతికి వస్తుంది. ఫీడ్ (టూల్ ముందుకు జరిగే రేటు) పెరిగితే హ్యాండిల్ బరువెక్కుతుంది, టూల్ మొద్దుబారితే లోహం రుద్దుకుంటున్నట్టు తెలుస్తుంది, జాబ్ సన్నగా, పొడవుగా ఉంటే మధ్యలో వంగి అక్కడ వ్యాసం ఎక్కువ వస్తుంది. మీ పాకెట్ గోడలో జరిగినది, టెయిల్ స్టాక్ (కడ్డీ రెండో చివరను పట్టే లేత్ భాగం) ఆసరా లేకుండా పొడవైన కడ్డీని టర్నింగ్ చేసినప్పుడు జరిగేది ఒకే రకమైన విషయం. ఒక చోట టూల్ వంగింది, ఇంకో చోట జాబ్ వంగుతుంది. లేత్ మీద దాన్ని కళ్లతో చూసి, మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి అర్థం చేసుకున్న విద్యార్థి, క్యామ్‌లో టూల్ పొడవు నింపే గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తాడు. సీఎన్‌సీ యంత్రం తలుపు మూసుకుని నడుస్తుంది, మోటార్లు ఫీడ్‌ను తోసుకుంటూ పోతాయి. ఆ స్పర్శ అక్కడ దొరకదు, శబ్దమూ చిప్ (కోసిన లోహపు పొట్టు) రూపమూ మాత్రమే మిగులుతాయి. ఆ రెండింటినీ చదవడం కూడా లేత్ దగ్గరే తొందరగా వస్తుంది.

ఇంకో ఉదాహరణ చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. లేత్ మీద టర్నింగ్ చేసినప్పుడు ఉపరితలంపై సన్నని గాడులు పడతాయి. వాటి ఎత్తు సుమారుగా ఫీడ్ వర్గాన్ని టూల్ ముక్కు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. ఒక చుట్టుకు 0.2 మి.మీ. ఫీడ్, 0.8 మి.మీ. ముక్కు వ్యాసార్థం ఉంటే ఆ ఎత్తు 6.25 మైక్రాన్లు. ఫీడ్‌ను సగానికి తగ్గిస్తే అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు క్యామ్‌కు రండి. 10 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రని కొన ఎండ్ మిల్‌తో వంపు ఉపరితలాన్ని కోస్తూ ఒక పాస్ నుంచి పక్క పాస్‌కు 0.5 మి.మీ. దూరం పెట్టారనుకోండి. పాస్‌ల మధ్య మిగిలే గట్టు ఎత్తుకు కూడా అదే సూత్రం: దూరం వర్గాన్ని కొన వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. ఇక్కడా 6.25 మైక్రాన్లే వస్తుంది. లేత్ దగ్గర ఫీడ్ మార్చి, గోటితో గీరి ఉపరితలాన్ని పోల్చి చూసిన విద్యార్థికి క్యామ్‌లో ఆ గడి ఏమడుగుతోందో వివరించనక్కరలేదు. అది తెలియనివారు దూరాన్ని అవసరం లేకుండా పదో వంతుకు తగ్గించి, గంటలో అయ్యే పనిని పది గంటలు చేస్తారు.

కాబట్టి నా దృష్టిలో డ్రాయింగ్ చదవడం, కొలవడం అన్నిటికంటే ముందు రావాలి. వాటికి యంత్ర సమయం అక్కరలేదు కూడా. 25 హెచ్7 అని రాసి ఉంటే ఆ రంధ్రం 25.000 నుంచి 25.021 మి.మీ. లోపల ఉండాలని, 0.02 మి.మీ. వరకే చూపే వెర్నియర్‌తో దాన్ని నిర్ధారించలేమని తెలియని వారికి ఏ సాఫ్ట్‌వేరూ సాయపడదు. కొలతలో ఉష్ణోగ్రత పాత్ర కూడా ఇక్కడే నేర్చుకోవాలి. కొలతలకు అంతర్జాతీయంగా అంగీకరించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ పెరుగుదలకు సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. మీ 50 మి.మీ. పాకెట్ కోత వేడికి పది డిగ్రీలు పెరిగి ఉండగా కొలిస్తే, చల్లారాక అది 11 మైక్రాన్లకు పైగా కుంచించుకుపోతుంది. మీ 0.06 మి.మీ. ఏటవాలుకు ఇది కారణం కాదు. ఆ ఏటవాలు సరిచేశాక మిగిలే చిన్న తేడాలలో ఇది లెక్కకు వస్తుంది.

ఆ తరువాత జాబ్ బిగింపు. దీన్ని శిక్షణలో తగినంత నేర్పడం లేదని నా గట్టి అభిప్రాయం. దిమ్మెను ఒక తలం మీద మూడు బిందువులు, పక్క తలం మీద రెండు, చివరి తలం మీద ఒకటి, మొత్తం ఆరు బిందువుల దగ్గర ఆనిస్తే దాని స్థానం నిర్ణయమవుతుంది. క్లాంపుల పని దాన్ని అక్కడే ఉంచడం. వైస్‌లో పలచటి గోడలున్న జాబ్‌ను గట్టిగా బిగిస్తే కోస్తున్నప్పుడు కొలత సరిగ్గా ఉంటుంది, వదలగానే గోడలు వెనక్కి వచ్చి కొలత మారిపోతుంది. ఏ క్యామ్ ప్రోగ్రామూ మీ వైస్ ఎంత బిగించారో అడగదు.


క్యామ్ ప్రోగ్రామర్:

బోధకురాలు గారు చెప్పినవాటిలో చాలా భాగం నాకు సమ్మతమే, ఒక చోట మాత్రం నా అభిప్రాయం వేరు. లేత్ మీద నైపుణ్యం పూర్తిగా వచ్చేదాకా సీఎన్‌సీని ఆపి ఉంచే పద్ధతిని నేను సమర్థించను. చేతి లేత్ మీద కంటికి ఇంపైన స్క్రూ మర కోయడానికి నెలల అభ్యాసం కావాలి, ఆ నెలలు ఈ విద్యార్థికి లేవు. కోత ఎలా ప్రవర్తిస్తుందో చేతికి తెలిసేంత వరకు లేత్ మీద ఉండి, అక్కడినుంచి ముందుకు రావాలి. అలాగే వంద పంక్తుల ప్రోగ్రామును కాగితం మీద రాయించడం వృథా. చదవగలగడం వేరు, దాన్ని మాత్రం ఎవరూ వదులుకోకూడదు.

క్యామ్ తయారుచేసేది యంత్రంతో సంబంధం లేని టూల్ దారి. దాన్ని మీ యంత్రపు కంట్రోల్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చేది పోస్ట్ ప్రాసెసర్ అనే వేరే భాగం. తెరమీద మీరు చూసే సిమ్యులేషన్ చాలాసార్లు ఆ దారినే చూపిస్తుంది, చివరికి వచ్చిన కోడ్‌ను కాదు. పోస్ట్ ప్రాసెసర్ మీ యంత్రానికి సరిపోనిదైతే, సిమ్యులేషన్ ఎంత శుభ్రంగా ఉన్నా యంత్రం ఇంకేదో చేస్తుంది. సంఖ్యలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ 1952లో ప్రదర్శించింది. ఆదేశాలు అప్పుడు చిల్లులు పొడిచిన టేపు మీద వచ్చేవి. ఆ తరువాత జీ కోడ్‌కు ప్రమాణాలు వచ్చాయి, ఐఎస్ఓ 6983 వాటిలో ఒకటి. అయినా ఒక్కో కంట్రోల్ తయారీదారు తనదైన అలవాట్లను కలుపుకుంటూ పోయాడు. ఒకే పంక్తి రెండు యంత్రాల మీద రెండు అర్థాలు ఇవ్వగలదు.

మచ్చుకు జీ 00 అనే వేగపు కదలికను తీసుకోండి. సిమ్యులేషన్‌లో అది రెండు బిందువుల మధ్య సరళరేఖగా కనిపిస్తుంది. చాలా యంత్రాల మీద ఒక్కో అక్షం తన పూర్తి వేగంతో విడివిడిగా కదిలి, దగ్గరి దూరం ఉన్న అక్షం ముందే ఆగిపోతుంది కాబట్టి అసలు దారి మధ్యలో మడత పడుతుంది. రేఖకు దూరంగా ఉందనుకున్న క్లాంప్ ఆ మడత దారిలో ఉండవచ్చు. ఇక దశాంశ బిందువు. కొన్ని కంట్రోళ్ల మీద ఎక్స్ 10 అని బిందువు లేకుండా రాస్తే అది 10 మి.మీ. కాదు, 10 మైక్రాన్లు. క్యామ్ ఈ తప్పు చేయదు, కానీ యంత్రం దగ్గర ఒక పంక్తిని చేతితో సరిచేసే మనిషి చేస్తాడు. ఆ పని చేయని ఆపరేటర్ ఉండడు.

అందుకని ప్రతి కొత్త ప్రోగ్రామ్ మొదటి ఇరవై పంక్తులను వేలితో చూపుతూ చదివే అలవాటు చేసుకోండి. జీ 54 అని ఉందా, లేక వేరే వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ సున్నా బిందువు స్థానం) పిలిచిందా? జీ 43 పక్కన ఉన్న టూల్ పొడవు సంఖ్య, స్పిండిల్‌లో ఉన్న టూల్ సంఖ్య ఒకటేనా? స్పిండిల్ వేగం, ఫీడ్ మీరు అనుకున్నవేనా? జాబ్‌కు దగ్గరగా వచ్చే మొదటి జెడ్ (నిలువు) కదలిక వేగపు కదలికా, ఫీడ్ కదలికా? ఈ నాలుగింటిలో ఏది తప్పినా టూల్ గాని, జాబ్ గాని, కొన్నిసార్లు స్పిండిల్ గాని పాడవుతుంది.


మిల్లింగ్ విద్యార్థి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సెట్టర్ గారు చెప్పినట్టు టూల్‌ను 36 మి.మీ.కి లోపలికి తీసి, ఫినిషింగ్‌కు 0.2 మి.మీ. మిగిల్చి ఇంకో దిమ్మె మీద కోశాము. చివర్లో అదే దారిలో ఖాళీ పాస్ కూడా ఇచ్చాము. ఏటవాలు 0.01 మి.మీ. దగ్గరికి వచ్చింది. మూలల్లో గుర్తులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, 6 మి.మీ. టూల్ ఇంకా అమర్చలేదు.

ఇంకో సందేహం ఉంది. టూల్ ఎంచుకోగానే క్యామ్ తనంతట తాను స్పిండిల్ వేగం, ఫీడ్ నింపుతోంది. వాటిని యథాతథంగా తీసుకోవచ్చా? మా యంత్రం గరిష్ఠ వేగం 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు).


టూల్‌రూమ్ సెట్టర్:

తీసుకోకూడదు. కారణం మీరే చివరి వాక్యంలో ఇచ్చారు. 8 మి.మీ. టూల్‌కు నిమిషానికి 200 మీటర్ల కోత వేగం కావాలంటే స్పిండిల్ సుమారు 7,960 ఆర్‌పీఎం తిరగాలి. కోత వేగాన్ని 1,000తో గుణించి, π (సుమారు 3.14), వ్యాసం రెండింటి లబ్ధంతో భాగిస్తే ఇది వస్తుంది. మూడు పళ్లు, పన్నుకు 0.05 మి.మీ. అనుకుంటే ఫీడ్ నిమిషానికి సుమారు 1,190 మి.మీ. ఈ రెండు సంఖ్యలూ ప్రోగ్రామ్‌లోకి వస్తాయి. కొన్ని కంట్రోళ్లు అధిక వేగాన్ని చూసి హెచ్చరించి ఆగుతాయి. మరికొన్ని స్పిండిల్‌ను 6,000 దగ్గర ఆపి, ఫీడ్‌ను మాత్రం అలాగే నడిపిస్తాయి. అప్పుడు ఒక్కో పన్ను మీద పడే లోహం 0.05 నుంచి సుమారు 0.066 మి.మీ.కి, అంటే మూడో వంతు ఎక్కువకు చేరుతుంది. ఎవరూ ఫీడ్ మార్చలేదు, అయినా టూల్ ఎక్కువ వంగుతుంది. మీ యంత్రపు పరిమితులను క్యామ్‌లోని యంత్ర వివరాల్లో ముందే నింపితే అది ఫీడ్‌ను కూడా తగ్గించి 900 మి.మీ. దగ్గరికి తెస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలోనూ ఒక ఉచ్చు ఉంది. టూల్ వ్యాసంలో పదో వంతు మాత్రమే పక్కకు కోస్తున్నప్పుడు అసలు చిప్ మందం, ప్రోగ్రామ్‌లో ఇచ్చిన పన్ను ఫీడ్‌లో సుమారు 60 శాతమే ఉంటుంది. ఫీడ్ మరీ తక్కువైతే టూల్ కోయకుండా లోహాన్ని రుద్దుతుంది, అంచు త్వరగా అరుగుతుంది. భయంతో ఫీడ్ తగ్గించడం ఎప్పుడూ భద్రత కాదు.

ఉక్కుకు వచ్చాక కోత వేగం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వేగానికి, టూల్ ఆయుష్షుకు ఉన్న సంబంధాన్ని అమెరికన్ ఇంజనీర్ ఎఫ్.డబ్ల్యు. టేలర్ 1907లో ప్రచురించాడు. వేగాన్ని ఆయుష్షు మీది ఒక చిన్న ఘాతంతో గుణిస్తే వచ్చే విలువ స్థిరంగా ఉంటుందన్నది దాని సారం. కార్బైడ్‌కు ఆ ఘాతాన్ని 0.25గా తీసుకుంటే, వేగాన్ని 20 శాతం పెంచినప్పుడు టూల్ ఆయుష్షు సగం కంటే కొంచెం తక్కువకు పడిపోతుంది. హై స్పీడ్ స్టీల్‌కు ఘాతం ఇంకా చిన్నది, 0.125 అనుకుంటే మిగిలేది నాలుగో వంతు కూడా ఉండదు. టూల్ తయారీదారు పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ విలువలు రెండూ ఇస్తాడు. నేర్చుకునేటప్పుడు కోత వేగాన్ని కనిష్ఠం దగ్గర మొదలుపెట్టి, చిప్ రూపం, రంగు, శబ్దం చూస్తూ పెంచండి. పన్ను ఫీడ్‌ను మాత్రం పట్టిక చెప్పిన పరిధిలోనే ఉంచండి.


వర్క్‌షాప్ బోధకురాలు:

యంత్ర సమయం తక్కువని మొదట్లో అన్నారు కదా, దాని గురించి ఒక మాట. యంత్రం దగ్గరికి వెళ్లే ముందే ప్రతి జాబ్‌కు ఒక సెటప్ కాగితం రాయండి: జాబ్‌ను ఎలా ఆనించారు, సున్నా బిందువు ఎక్కడ పెట్టారు, ఏ టూల్ ఎంత బయటికి ఉంది, దాని వేగం, ఫీడ్ ఎంత, ఏ కొలతను ఏ సాధనంతో చూస్తారు. రాసేటప్పుడే సగం లోపాలు బయటపడతాయి, యంత్రం ఖాళీగా ఎదురుచూడదు. మీ పాకెట్‌కు ఇది రాసి ఉంటే 45 మి.మీ. అనే అంకె పక్కనే 30 మి.మీ. లోతు కనిపించి ఉండేది.

మొదటిసారి నడిపేటప్పుడు వర్క్ ఆఫ్‌సెట్‌ను జెడ్ దిశలో జాబ్ పైకి, అత్యంత లోతైన కోత కంటే ఎక్కువగా జరిపి గాలిలో కోయండి. తరువాత దాన్ని సరైన విలువకు తెచ్చి, ఒక్కో పంక్తికి ఆగే పద్ధతిలో, వేగపు కదలికను కనిష్ఠానికి తగ్గించి, తెరమీద ఇంకా పోవలసిన దూరం ఎంత చూపిస్తోందో, టూల్‌కూ జాబ్‌కూ మధ్య కళ్లకు కనిపిస్తున్న దూరం ఎంతో పోల్చుతూ దిగండి. తెరమీద 60 మి.మీ. అని ఉండి, కంటికి 20 మి.మీ. మాత్రమే కనిపిస్తే వెంటనే ఆపాలి. చేతి తొడుగులు వేసుకుని తిరిగే స్పిండిల్ దగ్గరికి వెళ్లవద్దు, చిప్‌లను చేతితో లాగవద్దు. ఇవి మీకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.


మిల్లింగ్ విద్యార్థి:

సెటప్ కాగితం ఈరోజే మొదలుపెడతాను. మూలల గురించి ఒక్క ప్రశ్న మిగిలింది: 6 మి.మీ. టూల్ కూడా 36 మి.మీ. బయటికి ఉండాలి కదా, అది వంగి మళ్లీ అదే సమస్య తెస్తుందా?


టూల్‌రూమ్ సెట్టర్:

పూర్తి లోతుకు ఒకేసారి దించితే తెస్తుంది. మూలలో మిగిలిన లోహాన్ని 30 మి.మీ. లోతుకు ఒక్క పాస్‌గా కాకుండా, 3 మి.మీ. చొప్పున మెట్లుగా దిగుతూ తీయించండి. కోత బలం తగ్గుతుంది, వంపూ తగ్గుతుంది. మెట్ల మధ్య సన్నని గీతలు కనిపిస్తే చివర్లో మూలకు మాత్రం 0.05 మి.మీ. మిగిల్చి ఒక ఫినిషింగ్ పాస్ ఇవ్వండి. గోడ నేరుగా ఉన్న చోట ఈ టూల్ పాత ఉపరితలాన్ని తాకకుండా, మూలలోకి చాపంలా దిగి చాపంలా బయటికి వచ్చేలా దారిని పెట్టుకోండి. లేకపోతే రెండు టూళ్లు కలిసిన చోట మెట్టు పడుతుంది.

ఇంకొక దారి ఉంది, అది యంత్రం దగ్గర కాదు, డ్రాయింగ్ దగ్గర. ఆ మూలలో ఇంకో భాగం కూర్చోవలసిన అవసరం లేకపోతే, డిజైన్ చేసినవారిని అడిగి మూల వ్యాసార్థాన్ని 4 మి.మీ. నుంచి 5 మి.మీ.కి మార్పించుకోండి. అప్పుడు మీ 8 మి.మీ. టూలే మూలలో 1 మి.మీ. వ్యాసార్థంతో ఆగకుండా మలుపు తిరుగుతుంది, రెండో టూల్ అక్కరలేదు. ఆ భాగం కూర్చోవాలంటే మాత్రం 4 మి.మీ.నే ఉంచి, పైన చెప్పిన మెట్ల పద్ధతిలో వెళ్లండి.